ఇళ్ళు మార్చుకునే సీజన్ వచ్చేస్తోంది, రిఫరెన్స్ రాసేటప్పుడు మొహమాటపడకండి

పిల్లలకి సెలవులిచ్చారంటే బెజవాడలో ఉండబుద్ధి కాదు ఆ ఎండకి. అందుకే మూడేళ్ళుగా మే నెలలో పటమటలోని మా ఇల్లు వేరేవాళ్ళకిచ్చి, వాళ్ళింట్లో మేముంటున్నాం, అద్దె గొడవ లేదు. ఈ ఎండల్లో ఇక్కడికెవరొస్తారు అనుకోకండి, పెళ్ళిళ్ళకీ అమ్మవారి దర్శనానికీ వచ్చే బెంగళూరు వాళ్ళు బోలెడు మంది. కాకపోతే డబ్బు చేతులు మారదు, మొహం చూసుండం, కాబట్టి తాళాలిచ్చేది కేవలం వాళ్ళ గురించి అంతకుముందు ఎవరో రాసిన నాలుగు ముక్కలు, అదే రిఫరెన్స్, నమ్మి. ఆ నాలుగు ముక్కలూ నేనొకసారి అబద్ధం రాశాను.

మేం తిరిగొచ్చేసరికి ఆవకాయ జాడీలో తడి స్పూన్ ముంచినట్టున్నారు, పైనంతా తెల్లగా బూజు. స్టవ్ మీద పాలు పొంగి ఎండి అట్టకట్టి ఉంది. ట్యాంకు నిండి నీళ్ళు గోడ మీదుగా కారిపోయాయని కింద పోర్షన్ ఆంటీ చెప్పింది. అయినా మళ్ళీ మొహం చూసుకోవాలి కదా, పాపం పిల్లలున్నవాళ్ళు కదా అని "చాలా మంచి ఫ్యామిలీ, సొంతిల్లులా చూసుకున్నారు" అని రాసేశా. తర్వాత నెలలో గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ ఫోన్, "అక్కా, మీరు రాసింది చూసే కదా మా ఇల్లిచ్చాం" అని. ఏం చెప్పాలో తెలీలేదు.

అందుకని ఇప్పుడు బయల్దేరే ముందురోజే పని మొదలెడతాం. ఫోన్‌తో ఇల్లంతా వీడియో, కరెంట్ మీటర్ రీడింగ్ ఫోటో, గ్యాస్ సిలిండర్ ఎప్పుడు మార్చామో ఒక చీటీ. ఏవి వాడొచ్చో ఏవి వద్దో కూడా ముందే చెప్పేయాలి, మేం వెజ్, వంటింట్లో చేపలు వండొద్దు అని ముందు చెప్పకుండా తర్వాత రిఫరెన్స్‌లో ఏడిస్తే తప్పు మనదే.

వచ్చిన రోజు రాత్రి మాత్రం రాయకండి, కోపంలో చెయ్యి ఆగదు. అలాగని నెల ఆగితే అన్నీ మర్చిపోతాం, రెండు మూడు రోజులు చాలు. రాసే ముందు ఒక ఫోన్ కొట్టండి. నేను ఆలస్యంగా ఫోన్ చేస్తే తెలిసిందేంటంటే, ట్యాంకు నిండితే మోటార్ దానంతటదే ఆగిపోతుందని మా ఆయనే చెప్పారట, ఆ స్విచ్ పాడై ఎన్నాళ్ళయిందో మాకే తెలీదు!

"శుభ్రత లేని మనుషులు" లాంటి మాటలు వద్దు. "గిన్నెలు కడిగి పెట్టారు, స్టవ్ తుడవలేదు, పచ్చడి జాడీ పాడైంది, అడిగితే ఒప్పుకున్నారు" అని చూసింది చూసినట్టు రాస్తే చాలు. గ్లాసు పగలడం, దుప్పటి మీద టీ మరక లాంటివి వదిలేయండి, మనింట్లో మనం పగలగొట్టట్లేదా. ఏదైనా వస్తువు పోతే అది పోలీసు కంప్లయింట్ సంగతి, రిఫరెన్స్‌లో దొంగలు అని రాస్తే పరువు నష్టం కేసు మన మీదకొస్తుంది, భారతీయ న్యాయ సంహితలో 356 సెక్షన్ దానికే.

మనం ఉండొచ్చిన ఇంటి గురించీ అంతే. పై అంతస్తు స్లాబ్ వేడికి రాత్రంతా నిద్ర పట్టకపోతే రాయాలి, మున్సిపల్ నీళ్ళు గంటే వస్తే రాయాలి. వానాకాలం మార్పిడైతే మరీ ముఖ్యం, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది చూశాం కదా, ఆ వైపు గ్రౌండ్ ఫ్లోర్ అయితే గ్రౌండ్ ఫ్లోర్ అనే రాయండి, ఓనర్ ఏమనుకుంటారో అని దాచొద్దు.

తాళం చెవి ఎక్కడ పెడతారో, ఇల్లు ఏ నెలలో ఖాళీగా ఉంటుందో, డోర్ నంబర్, ఇవేవీ నలుగురూ చూసేచోట రాయకూడదు. మెచ్చుకుంటూ రాసేస్తుంటారు కొందరు, "తులసికోట వెనక కీ పెట్టి వెళ్ళారు, ఎంత నమ్మకమో" అని!

"మీరు ఐదు స్టార్లిస్తే మేమూ ఇస్తాం" అనేవాళ్ళు తప్పకుండా తగుల్తారు. వాళ్ళది చూడకముందే మీది రాసేయండి, అదొక్కటే దారి.

పోయినేడు మా గురించి వైజాగ్ ఆవిడ "పిల్లలు హాల్లో గోడ మీద స్కెచ్ పెన్నుతో గీశారు, చెప్పి తుడిచి వెళ్ళారు, ఒక మూల ఇంకా కనిపిస్తోంది" అని రాసింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. ఈసారి ఇల్లిస్తున్నవాళ్ళు అది చదివి ఫోన్ చేశారు, "హాల్లో ఒక గోడకి చార్ట్ పేపర్లు అంటిస్తాం లెండి, మీ పిల్లల్ని అక్కడ గీసుకోమనండి" అని.