సంక్రాంతికి ఫిల్మ్ రోల్స్ తెప్పిస్తున్నారా? విమానంలో పాడవకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తలు

డిసెంబరు, జనవరి నెలలంటే నేలపట్టు చెట్ల మీద గూడబాతులు, పులికాట్ నీళ్ళలో ఫ్లెమింగోలు ఉండే కాలం. వాటికోసం ఇప్పటికీ ఫిల్మ్ కెమెరా భుజాన వేసుకుని వెళ్ళేవాళ్ళు నెల్లూరు, ఒంగోలు వైపు ఉన్నారు. ఊళ్ళో స్టూడియోల్లో రోల్స్ దొరకడం కష్టం కాబట్టి పండక్కి అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చే చుట్టాలతో తెప్పించుకుంటారు. వాళ్ళేమో చాక్లెట్లు, సెంట్లతో పాటు వాటినీ పెద్ద సూట్‌కేసులో సర్దేస్తారు. ఫిల్మ్ పాడయ్యేది అక్కడే.

కాబట్టి టికెట్ తీసుకున్నారని తెలిసిన రోజే తెచ్చే మనిషికి ఒక మెసేజ్ పెట్టండి: "అన్నా, ఫిల్మ్ సూట్‌కేసులో పెట్టొద్దు. చేతి బ్యాగులో పైనే ఉంచుకో. సెక్యూరిటీ దగ్గర మెషిన్‌లో వేయకుండా చేత్తో చూడమని అడుగు." బయలుదేరే ముందు రోజు మళ్ళీ గుర్తు చేయండి. సర్దుకునే హడావిడిలో మర్చిపోవడం సహజం.

చెక్-ఇన్ సామాన్లకు వాడే స్కానర్లు చాలా శక్తిమంతమైనవి. ఏదైనా వస్తువు మీద అనుమానం వస్తే కొన్ని యంత్రాలు సన్నటి, తీవ్రమైన కిరణంతో దాన్ని మళ్ళీ చూస్తాయి. ఆ కిరణం పడినచోట ఫిల్మ్ మీద ఒక సెంటీమీటరు వెడల్పున పొగలాంటి పట్టీ వస్తుంది. రోల్ చుట్టుకుని ఉంటుంది కాబట్టి విప్పి చూస్తే ఆ పట్టీ అలలా ఫ్రేము ఫ్రేముకీ కనిపిస్తుంది. డెవలప్ చేసేదాకా ఈ సంగతి తెలియదు, తెలిశాక చేయగలిగిందీ లేదు.

చేతి బ్యాగులు చూసే పాత రకం ఎక్స్-రే అంత ప్రమాదం కాదు. ఐఎస్ఓ (వెలుగుకి ఫిల్మ్ స్పందించే వేగం) 100, 200, 400 ఉన్న ఫిల్మ్ దాంట్లో ఒకటి రెండుసార్లు వెళ్ళినా కంటికి తేడా కనిపించదు. 800, ఆపై ఫిల్మ్‌ని మాత్రం ఒక్కసారి కూడా పెట్టకుండా చూసుకోవాలి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 లాంటి 400 ఫిల్మ్‌ని 1600గా తీసి పుష్ చేయాలనుకుంటే, అంటే ఎక్కువసేపు డెవలప్ చేయాలనుకుంటే, జాగ్రత్తల లెక్కలో దాన్ని 1600గానే చూడండి. డెవలపింగ్ సమయం పెంచినప్పుడు బొమ్మతో పాటు ఎక్స్-రే వదిలిన పొగా పైకొస్తుంది.

ఇప్పుడు అసలు భయం కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లతో. ఆసుపత్రి సీటీ లాగానే ఇవి బ్యాగు చుట్టూ తిరుగుతూ అన్ని వైపుల నుంచీ చిత్రం తీస్తాయి, కాబట్టి ఫిల్మ్ మీద పడే మోతాదు పాత యంత్రాల కన్నా చాలా ఎక్కువ. కొడాక్, ఇల్ఫర్డ్ రెండు కంపెనీలూ వీటిలో ఫిల్మ్ పెట్టొద్దనే చెబుతున్నాయి. 400 ఫిల్మ్ అయినా సరే, వద్దు. వీటిని గుర్తుపట్టడానికి తేలిక ఆనవాలు ఒకటి: ల్యాప్‌టాప్, సీసాలు బ్యాగులోంచి తీయనక్కర్లేదని సిబ్బంది చెబుతుంటే అది సీటీ అని అనుమానించి వెంటనే చేతి తనిఖీ అడగండి.

ఎక్స్-రే ప్రభావం పోగవుతూ వస్తుంది. అందుకే దారిలో ఎన్నిసార్లు స్కాన్ అవుతుందో ముందే లెక్కేసుకోవాలి. అమెరికాలో ఎక్కేటప్పుడు ఒకటి, దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారేటప్పుడు మరొకటి. చెన్నైలో దిగాక కస్టమ్స్ దగ్గర చేతి బ్యాగు మళ్ళీ యంత్రంలోకి వెళ్ళొచ్చు. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు, ఎందుకంటే అప్పటికి ప్రయాణం అయిపోయిందనుకుంటారు. అక్కడి నుంచి మెట్రోలో సెంట్రల్‌కి వస్తే మెట్రో స్టేషన్‌లో ఇంకోటి. దిగినవాళ్ళు అటునుంచి అటే తిరుమల వెళితే అలిపిరి తనిఖీలో మరోటి. ఒక్కోటి చిన్నదే, అన్నీ కలిస్తే 400 ఫిల్మ్ కూడా తట్టుకోలేకపోవచ్చు. ఎయిర్‌పోర్ట్‌లో దిగినవాళ్ళని కారులో నేరుగా నెల్లూరు తీసుకొచ్చేస్తే చివరి రెండూ తప్పుతాయి. దర్శనానికి వెళ్ళాల్సి ఉంటే ఫిల్మ్‌ని ముందు ఇంటికి చేర్చండి.

సర్దే పద్ధతి ఇది. 35 ఎంఎం రోల్స్‌ని అట్టపెట్టెల్లోంచి తీసి, లోపల ఏముందో కనిపించే జిప్ కవర్లో అన్నీ కలిపి పెట్టాలి. నల్ల డబ్బాలుంటే వాటిని ఇంట్లోనే వదిలేయండి, ఒక్కోదాన్నీ తెరిచి చూపించడంతో సిబ్బందికి విసుగొస్తుంది. 120 రోల్స్‌ని (డబ్బా లేకుండా కాగితంతో చుట్టి వచ్చే వెడల్పాటి ఫిల్మ్) వెండి రేకు కవరు చింపకుండా అలాగే ఉంచాలి. ఫొటోలు తీసేసిన రోల్స్ వేరే కవర్లో ఉండాలి, పైన పెన్నుతో గుర్తు పెట్టాలి. తీసిన 120 రోల్‌కి అంటించిన కాగితం పట్టీని ఎవరూ పీకకుండా మీరే చేతిలో పట్టుకుని చూపించండి. అది ఊడితే వెలుగు లోపలికి పోతుంది.

కెమెరాలో సగం తీసిన రోల్ పెట్టుకుని సెక్యూరిటీ దగ్గరికి వెళ్ళొద్దు. అనుమానం వస్తే వెనక మూత తెరవమంటారు, తెరిస్తే తీసినవి పోతాయి. ముందురోజే మిగిలిన ఫ్రేములు తీసేసి, ఫిల్మ్ నాలుక (డబ్బా బయటికి ఉండే కొస) కూడా లోపలికి పోయేదాకా చుట్టేయండి. నాలుక బయట ఉంటే కొత్తదనుకుని మళ్ళీ లోడ్ చేసే ప్రమాదం ఉంది.

అమెరికాలో టీఎస్ఏ (అక్కడి విమానాశ్రయ భద్రతా సంస్థ) సిబ్బందిని చేతి తనిఖీ అడిగే వీలుంది, మామూలుగా చేస్తారు కూడా. కవరు తీసుకుని, చిన్న గుడ్డముక్కతో తుడిచి, పేలుడు పదార్థాల జాడ ఉందేమో చూసి ఇచ్చేస్తారు. మన దగ్గర ఆ నిర్ణయం పూర్తిగా అక్కడున్న సీఐఎస్ఎఫ్ సిబ్బందిది. రద్దీ లేనప్పుడు వెళ్ళండి. బ్యాగు ట్రేలో వేయకముందే కవరు చేతిలో పట్టుకుని మర్యాదగా చెప్పండి: "సర్, ఇది ఇంకా కడగని ఫిల్మ్, ఎక్స్-రే తగిలితే పాడైపోతుంది, చేత్తో చూడగలరా?" బెల్టు కదిలాక అడిగితే లాభం లేదు. కాదంటే వాదించొద్దు. పాత రకం యంత్రమైతే 400 దాకా ఉన్న ఫిల్మ్‌ని ఒకటి రెండుసార్లు వేసినా ఫరవాలేదు.

సీసం పూత సంచులు కొనమని మేము చెప్పం. లోపల ఏముందో తెరమీద కనిపించకపోతే బ్యాగు తెరిపిస్తారు, లేదా మళ్ళీ స్కాన్ చేస్తారు. సూట్‌కేసులో అయితే అవి కాపాడతాయన్న భరోసా అసలే లేదు. ఆ డబ్బుతో ఇంకో రెండు రోల్స్ కొనుక్కోవడం మేలు.

పెళ్ళిళ్ళలో ఇప్పుడు బాగా వాడుతున్న, ఫొటో అప్పటికప్పుడే బయటికొచ్చే ఇన్‌స్టాక్స్ ప్యాక్ కూడా ఫిల్మే, పైగా దాని వేగం ఐఎస్ఓ 800. ఫ్లాష్ ఉన్న డిస్పోజబుల్ కెమెరాల్లో ఉండేదీ 400 లేదా 800 ఫిల్మే. వీటికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. మెమరీ కార్డులకు, డెవలప్ అయిపోయిన నెగటివ్‌లకు ఏ భయం లేదు. మనుషులు నడిచివెళ్ళే మెటల్ డిటెక్టర్ ఫిల్మ్‌ని ఏమీ చేయదు కాబట్టి కవరు జేబులో పెట్టుకుని దాటినా నష్టం లేదు, సిబ్బంది ఒప్పుకుంటే.

ఇంతకీ ఏది తెప్పించాలి? పులికాట్ ఎండలో 200 చాలు. పొద్దున్నే నేలపట్టులో పొడవు లెన్సుతో తీయడానికి 400 సరిపోతుంది. 800, 3200 రోల్స్‌ని విమానంలో తెప్పించుకుని టెన్షన్ పడాల్సిన అవసరం మన వెలుతురులో ఉండదు.

ఇంటికి చేరిన ఫిల్మ్‌ని కారు డ్యాష్‌బోర్డులో, బండి డిక్కీలో మర్చిపోవద్దు. చలికాలంలో కూడా మధ్యాహ్నం ఎండకి మూసిన కారు లోపల వేడి బాగా పెరుగుతుంది. జిప్ కవర్లో, సిలికా జెల్ పొట్లంతో ఫ్రిజ్‌లో పెట్టండి. వాడేముందు కనీసం గంటన్నర, డీప్ ఫ్రీజర్‌లోదైతే మూడు గంటలు సీలు విప్పకుండా బయట ఉంచాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి తగిలేచోట చల్లటి రోల్ విప్పితే క్షణాల్లో చెమ్మ పడుతుంది.

రోల్ స్కాన్ అయిందని అనుమానముంటే ముఖ్యమైన పనికి వాడొద్దు. ఆ కట్టలోంచి ఒకటి ముందు తీసి డెవలప్ చేయించి చూడండి. నీడలు నల్లగా కాకుండా మబ్బుగా, గింజగింజగా ఉంటే పొగ పట్టినట్టే. అంచుల నుంచి ఎర్రగా, నారింజగా పాకిన మరకలైతే మాత్రం కెమెరా మూత దగ్గర వెలుగు లీకవుతోందని చూసుకోవాలి. కొంచెమే పొగ పట్టిన కలర్ నెగటివ్‌ని ఒక స్టాప్ ఎక్కువ ఎక్స్‌పోజ్ చేస్తే, అంటే 200 ఫిల్మ్‌ని 100గా తీస్తే, నీడలు కొంత నిలుస్తాయి. నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల్లో బొమ్మ వచ్చే స్లైడ్ ఫిల్మ్‌కి ఈ ఉపాయం పనిచేయదు.

తీసిన రోల్స్‌ని చెన్నైకో హైదరాబాద్‌కో ల్యాబ్‌కి పంపేటప్పుడూ ఇదే సమస్య. విమానంలో వెళ్ళే పార్సిల్ స్కాన్ అవుతుంది. కొరియర్ వాళ్ళని రోడ్డు మార్గమే కావాలని అడిగి, రసీదు మీద అలా రాయించుకోండి. నెల్లూరు నుంచి చెన్నైకి బస్సులో మూడు నాలుగు గంటలే కాబట్టి, పెళ్ళి రోల్స్ లాంటివైతే ఎవరో ఒకరు చేత్తో తీసుకెళ్ళి ఇవ్వండి. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడిగేయవచ్చు.