రికార్డర్‌పై వేళ్ల అమరిక, ట్రిల్ సాధన: వేణువు తెలిసినవారికి

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలోనో, ఇంటి దగ్గర గురువు వద్దనో కొంతకాలం వేణువు సాధన చేసినవారు రికార్డర్ (నిలువుగా పట్టి ఊదే పాశ్చాత్య వేణువు) చేపట్టినప్పుడు ముందుగా మార్చుకోవలసింది వేళ్ల అలవాటు. వేణువులో పెదవి కోణం మార్చి, వేలిని జార్చి స్వరాన్ని వంచుతాం. రికార్డర్‌లో గాలి పోయే దారి ముందే చెక్కి ఉంటుంది కనుక పెదవికి ఆ పని లేదు. ఊదే ఒత్తిడి పెరిగితే శ్రుతి పైకి జరుగుతుంది, తగ్గితే కిందికి దిగుతుంది. అందుచేత ఊపిరిని నిలకడగా ఉంచి, ప్రతి రంధ్రాన్నీ వేలి మెత్తని భాగంతో సందు లేకుండా మూయాలి.

మొదటి వాయిద్యంగా బరోక్ పద్ధతి వేళ్ల అమరిక ఉన్న సొప్రానో (హెచ్చు శ్రుతిలో పలికే చిన్న) రికార్డర్‌ను, అదీ ప్లాస్టిక్‌దాన్ని కొనడం మంచిది. 1920లలో జర్మన్ వాయిద్య నిర్మాత పీటర్ హార్లాన్ ప్రవేశపెట్టిన జర్మన్ పద్ధతిలో ఎఫ్ (పాశ్చాత్య స్వరాలకు ఇలా ఇంగ్లిష్ అక్షరాలే పేర్లు) తేలికగా పలికినా, దానికి అర మెట్టు పైనున్న ఎఫ్ షార్ప్ దగ్గర శ్రుతి ఇబ్బంది పెడుతుంది.

ఎడమ చేయి పైన ఉండాలి. వెనుక రంధ్రాన్ని బొటనవేలితో, ముందు మొదటి రంధ్రాన్ని చూపుడు వేలితో మూస్తే బి. మధ్యవేలు చేర్చితే ఏ. ఉంగరపు వేలు కూడా చేర్చితే జి. బొటనవేలు, మధ్యవేలు మాత్రమే ఉంచితే సి.

ఇక ట్రిల్. మన కంపిత గమకంలో స్వరం ఊగుతుంది. ట్రిల్‌లో పక్కపక్కనున్న రెండు స్వరాలు విడివిడిగా వినిపించాలి. బరోక్ సంగీతంలో (17, 18 శతాబ్దాల యూరప్ సంగీతం) అది సాధారణంగా పై స్వరంతో మొదలవుతుంది. జి మీద ట్రిల్ సులభం: ఏ వాయిస్తూ ఉంగరపు వేలిని మాత్రం ఆడించాలి. బి మీద, పై స్వరం సి కనుక, మామూలు అమరికతో చేయబోతే చూపుడు వేలు, మధ్యవేలు ఒకదానికొకటి ఎదురుగా కదలవలసి వచ్చి రెండూ తడబడతాయి. అందుకే ప్రత్యామ్నాయ అమరిక ఉంది: సి పట్టి, ఆ వేళ్లను కదపకుండా ఉంగరపు వేలితో మూడో రంధ్రాన్ని మూస్తే బి పలుకుతుంది. ఆ ఒక్క వేలే ట్రిల్ చేస్తుంది. ఈ ఉపాయాన్ని మొదటి వారంలోనే నేర్పాలని నా అభిప్రాయం.

మెట్రోనోమ్‌ను (లయకు దెబ్బలు వినిపించే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర ఉంచి, దెబ్బకు రెండు స్వరాలు, అవి సమంగా వచ్చాక నాలుగు వాయించండి. నాలుక మొదటి స్వరానికి ఒక్కసారే ‘తు’ అని తగలాలి. మిగిలినదంతా తెగని ఊపిరిలో సాగాలి. వేలు రంధ్రానికి దగ్గరగానే లేచి తేలికగా వాలాలి. చప్పుడు వినిపిస్తుంటే గట్టిగా కొడుతున్నట్టే, వేగం తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి.