బైక్ క్లచ్ జారుతుంటే ఇంట్లోనే తక్కువ ఖర్చుతో బాగుచేసుకోవడం ఎలా?

యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ గీపెడుతుంది, బండి మాత్రం ముందుకు లాగదు. వెనక మనిషి కూర్చున్నా, ఎదురుగా చిన్న ఎత్తు వచ్చినా ఇంక చెప్పక్కర్లేదు. షాపుకి తీసుకెళ్తే చాలాసార్లు ఒకటే మాట వినిపిస్తుంది: "క్లచ్ పోయింది, అసెంబ్లీ మొత్తం మార్చాలి."

నా 100 సీసీ బండికీ అదే చెప్పారు. ఆ నెల చేతిలో అంత డబ్బు లేక, ఒక ఆదివారం పొద్దున ఇంటి ముందే విప్పాను. ప్లేట్లు కూర్చునే బయటి గిన్నె (హౌసింగ్) బాగుంది, లోపలి ఇరుసు లాంటి హబ్ బాగుంది, స్టీలు ప్లేట్లు కూడా బాగానే ఉన్నాయి. అరిగింది క్లచ్ ప్లేట్లు మాత్రమే. వాటి ఖరీదు కొన్ని వందలు. అందుకే చెబుతున్నాను: పైసా ఖర్చు లేని పనితో మొదలుపెట్టండి, అప్పటికీ తీరకపోతేనే ఇంజిన్ విప్పండి. విప్పాక ప్రతిదీ కొలిచి, పోయినదాన్నే మార్చండి.

ఈ పద్ధతి స్ప్లెండర్, ప్యాషన్, షైన్, ప్లాటినా లాంటి చేతి క్లచ్ ఉన్న 100–125 సీసీ బైకులకు. యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ వేరే రకం, దానికి ఇది పనికిరాదు.

లోపల ఏముంటుంది?

ఈ బైకుల్లో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. రెండు రకాల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. గోధుమరంగు ముక్కలు అతికించినవి ఫ్రిక్షన్ ప్లేట్లు. షాపులో "క్లచ్ ప్లేట్లు" అంటే ఇవే. మధ్యలో వచ్చే నున్నటి స్టీలు ప్లేట్లను షాపుల వాళ్లు "ప్రెషర్ ప్లేట్లు" అంటారు. సామాను కొనేటప్పుడు ఈ తేడా గుర్తుంటే పొరపాటు జరగదు. స్ప్రింగులు ఈ దొంతరను గట్టిగా అదిమి పట్టుకుంటాయి, అలా ఇంజిన్ బలం గేర్లకు చేరుతుంది. మీరు లివర్ నొక్కితే ఆ పట్టు వదులవుతుంది. క్లచ్ ప్లేట్ల మీది ముక్కలు అరిగి పలచబడితే స్ప్రింగుల అదుము చాలదు, ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారతాయి.

ముందు నిజంగా జారుతోందో లేదో చూడండి

ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పండి. ఇంజిన్ మోత పెరిగి, వేగం దాంతోపాటు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. మోతా పెరగక, వేగమూ పెరగకపోతే తప్పు క్లచ్‌ది కాదు. కార్బొరేటర్, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, పట్టేస్తున్న బ్రేకులు చూసుకోవాలి.

దీనికి పూర్తిగా ఎదురు లక్షణం ఇంకొకటి ఉంది. లివర్ పూర్తిగా నొక్కినా బండి ముందుకు పాకడం, న్యూట్రల్ పడకపోవడం. ఇది జారడం కాదు, క్లచ్ సరిగ్గా విడవకపోవడం. కేబుల్ మరీ వదులుగా ఉన్నా, స్టీలు ప్లేట్లు వంగినా ఇలా అవుతుంది.

ఖర్చు లేని పని: కేబుల్

లివర్ చివర వేలు పెట్టి మెల్లగా నొక్కండి. గట్టిదనం తగిలేలోపు లివర్ చివర 10 నుంచి 20 మి.మీ. కదలాలి. దీన్నే క్లచ్ ప్లే అంటారు. ఇది అసలు లేకపోతే, మీరు చెయ్యి వేయకపోయినా కేబుల్ క్లచ్‌ని కాస్త లాగిపట్టే ఉంచుతుంది, కొత్త ప్లేట్లయినా జారి కాలిపోతాయి. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ ప్లే తగ్గిపోతూ ఉంటుంది. అందుకే నెలకొకసారైనా చూడాలి.

చిన్న తేడా అయితే హ్యాండిల్ దగ్గరున్న అడ్జస్టర్‌తోనే సరిపోతుంది. అది చాలకపోతే ఇంజిన్ దగ్గరున్న అడ్జస్టర్ లాక్ నట్టు వదులు చేసి సరిచేసి, మళ్లీ బిగించాలి. హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. అప్పుడు ప్లే మారుతుంటే కేబుల్ ఎక్కడో ఇరుక్కుంది.

కేబుల్ పోగులు లివర్ దగ్గరున్న గుండు పక్కనే తెగడం మొదలవుతాయి. ఒక్క పోగు తెగి కనబడినా కొత్త కేబుల్ వేయండి. పోగులు బాగుండి బిగుసుకుపోతుంటే, పై కొస ఊడదీసి నిలువుగా వేలాడదీసి, నాలుగైదు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేసి కిందకు దిగేదాకా ఆగండి.

రెండో అనుమానం: ఆయిల్

ఈ మధ్యే ఆయిల్ మార్చారా? మార్చినప్పటి నుంచే జారుతోందా? డబ్బా మీద చూడండి. క్లచ్ ఆయిల్‌లో తిరిగే బైకుకి "జాసో ఎంఏ" (JASO MA) లేదా "ఎంఏ2" (MA2) అనే జపాన్ ప్రమాణం గుర్తు ఉన్న ఆయిల్ కావాలి. "ఎంబీ" (MB) అని ఉంటే అది స్కూటర్లకు. కార్ల ఆయిల్ చాలావాటిలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, మన క్లచ్‌కి కావలసిందే ఆ రాపిడి. తప్పు ఆయిల్ పడి ఉంటే దించేసి సరైనది పోసి, కొన్ని రోజులు నడిపి చూడండి. అప్పటికీ జారితేనే విప్పే మాట.

విప్పడానికి ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

8, 10 నంబర్ టీ పానాలు, డ్రెయిన్ బోల్టుకి సరిపోయే పానా, రబ్బరు సుత్తి, ఆయిల్ పట్టడానికి వెడల్పాటి టబ్బు, కాస్త కిరోసిన్ లేదా డీజిల్, పాత నూలు గుడ్డలు. కొనాల్సినవి: మీ మోడల్‌కి సరిపోయే క్లచ్ ప్లేట్ల సెట్టు, కుడి కవరు అంచున ఆయిల్ కారకుండా వేసే ప్యాకింగ్, ఇంజిన్ ఆయిల్. మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నా చాలు. స్ప్రింగులు, స్టీలు ప్లేట్లు ముందే కొనకండి, కొలిచాక నిర్ణయించుకోవచ్చు.

ప్లేట్ల దగ్గర మాత్రం కక్కుర్తి వద్దు. బండి కంపెనీ స్పేర్ లేదా పేరున్న తయారీదారుది తీసుకోండి. పేరు లేని సెట్టు చవగ్గా వచ్చినా, ముక్కలు ఊడి ఆయిల్ దారుల్లో పడితే పెద్ద ఖర్చే.

విప్పడం

కొత్త ప్లేట్లను ముందు రోజు రాత్రే శుభ్రమైన ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టండి. పొడి ప్లేట్లు అలాగే వేస్తే మొదటి కొన్ని నిమిషాల్లోనే వాటి ముఖం మాడిపోతుంది.

బండిని డబుల్ స్టాండ్ వేసి, ఇంజిన్ రెండు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే తేలిగ్గా దిగుతుంది. దించిన ఆయిల్ వాసన చూడండి. ప్లేట్లు కాలి ఉంటే మాడు వాసన వస్తుంది, ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. కొందరు ఆయిల్ దించకుండా బండిని ఎడమ పక్కకు వాల్చి కవరు విప్పుతారు. ఆయిల్ మిగులుతుంది నిజమే. కానీ అరిగిన ప్లేట్ల పొడంతా అందులోనే ఉంటుంది కాబట్టి నేనైతే మార్చేస్తాను.

తర్వాత క్లచ్ కేబుల్ కింది కొస, కిక్ రాడ్డు, మీ మోడల్‌ని బట్టి ఫుట్ రెస్ట్, సైలెన్సర్ తియ్యాలి. కుడి కవరు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో బిగిస్తే కేసు పగులుతుంది. ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చుకుంటూ వెళ్లండి. కవరు రాకపోతే రబ్బరు సుత్తితో అంచు చుట్టూ తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి తెరవొద్దు, గీత పడిన చోటినుంచి తర్వాత ఆయిల్ కారుతూనే ఉంటుంది. కవరు ఊడేటప్పుడు రెండు చిన్న గొట్టాల్లాంటి డోవెల్ పిన్నులు రాలిపడొచ్చు, టబ్బులో వెతికి పక్కన పెట్టండి.

ఇప్పుడు గుండ్రటి క్లచ్ కనబడుతుంది. చెయ్యి పెట్టకముందే ఫోన్‌తో రెండు మూడు కోణాల్లో ఫొటో తీసుకోండి. ప్రతి ప్లేటు తీసినప్పుడూ ఇంకో ఫొటో.

స్ప్రింగు బోల్టులు ఒక్కొక్కటీ పూర్తిగా విప్పేయకూడదు. ఎదురెదురుగా, ఒక్కో చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. లేకపోతే ఒకవైపు బరువు పడి, బోల్టు ఎక్కే అల్యూమినియం స్తంభం విరుగుతుంది. బోల్టులు వచ్చాక మధ్యలో ఉండే చిన్న బేరింగు, లివర్ నొక్కినప్పుడు క్లచ్‌ని తోసే పుష్ రాడ్ జారిపోకుండా చూసుకోండి.

కొన్ని బండ్లలో ఇక ప్లేట్లు చేత్తోనే వచ్చేస్తాయి. మరికొన్నిట్లో హబ్ మధ్యలో సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్టీలు రింగు) గానీ గాడులున్న గుండ్రటి నట్టుగానీ ఉంటుంది. సర్‌క్లిప్‌కి దాని ప్లయర్ కావాలి, నట్టుకి దానికి సరిపోయే సాకెట్టు కావాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పడం రోడ్డు పక్క చాలాసార్లు చూస్తాం. అది షాఫ్టుకీ బేరింగుకీ దెబ్బ. సాకెట్టు దొరక్కపోతే ఆ రోజుకి అక్కడే ఆపండి.

కొలవడం: డబ్బు మిగిలేది ఇక్కడే

పాత క్లచ్ ప్లేటు ఒకటి తుడిచి వెలుతురులో పట్టుకోండి. కొత్తదాని మీద ముక్కల మధ్య గాడులు లోతుగా కనిపిస్తాయి. నా పాత ప్లేట్లలో ఆ గాడులు గోటికి కూడా తగల్లేదు, ముఖం అద్దంలా నల్లగా మెరుస్తోంది. అలా ఉంటే కొలవకుండానే తెలిసిపోతుంది. అయినా కాలిపర్‌తో మూడు నాలుగు చోట్ల కొలిచి, కొత్త ప్లేటుతోనూ, సర్వీసు మాన్యువల్‌లోని పరిమితితోనూ పోల్చండి. చిన్న బైకుల్లో కొత్త ప్లేటు మందం సుమారు 3 మి.మీ. ఉంటుంది, అందులో మి.మీ.లో కొన్ని పదో వంతులు తగ్గినా మార్చే సమయం వచ్చినట్టే. ఒక్కటి అరిగినా సెట్టు మొత్తం మార్చాలి.

స్టీలు ప్లేట్లను అద్దం ముక్క మీద పెట్టండి. ఊగితే, లేదా అంచు కింద 0.2 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూరితే అది వంగింది. నీలం రంగు తిరిగితే వేడికి కాలింది. ఈ రెండూ లేకపోతే కడిగి మళ్లీ వాడుకోవచ్చు. స్ప్రింగులన్నీ ఒక వరసలో నిలబెట్టి ఎత్తు చూడండి. ఒకటి పొట్టిగా కనబడినా, మాన్యువల్ కొలత కంటే తగ్గినా అన్నీ మార్చాలి. హౌసింగ్ గాడుల అంచుల మీద ప్లేట్ల చెవులు తగిలిన చోట గుంటలు పడతాయి. గోటికి కాస్త తగిలేంత అయితే సన్నటి ఆకురాయితో నునుపు చేయండి. లోతుగా ఉంటే మాత్రం హౌసింగ్ మార్చక తప్పదు.

రెండు చిట్కాలు చాలామంది చెబుతారు. పాత ప్లేట్లను గరుకు కాగితం మీద రుద్దడం ఒకటి, స్ప్రింగుల కింద వాషర్లు వేసి బిగువు పెంచడం రెండోది. ఊరు చేరాల్సిన అవసరంలో రుద్దితే రుద్దండి గానీ, పోయిన మందం తిరిగి రాదు. వాషర్లు వేస్తే లివర్ బరువెక్కి కేబుల్ తొందరగా తెగుతుంది, ప్లేట్లు మాత్రం అరిగినవే.

మళ్లీ అమర్చడం

పాత ప్యాకింగ్ ముక్కలు ప్లాస్టిక్ గరిటె లాంటిదానితో గీకి తీసేయండి. ఒక్క ముక్కైనా లోపల పడకూడదు. ఇంజిన్ ఎలాగూ తెరిచారు కాబట్టి, ఆయిల్ జాలీ ఉన్న మోడల్ అయితే దాన్నీ కిరోసిన్‌లో కడగండి.

నానిన క్లచ్ ప్లేటు ఒకటి, స్టీలు ప్లేటు ఒకటి, ఇలా మార్చి మార్చి పేర్చాలి. చాలా బండ్లలో మొదటిదీ చివరిదీ క్లచ్ ప్లేటే వస్తుంది. అయినా మీరు తీసిన ఫొటోలనే నమ్మండి. బోల్టులు మళ్లీ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా. ఇవి చిన్న 6 మి.మీ. బోల్టులు, ఎక్కేది మెత్తటి అల్యూమినియంలోకి. టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లోని అంకె పెట్టండి, సాధారణంగా 10–12 న్యూటన్ మీటర్లు ఉంటుంది. లేకపోతే టీ పానాను వేళ్లతో పట్టుకుని బిగుసుకున్నాక ఇంకొంచెం, అంతే. దేహబలం చూపిస్తే త్రెడ్డు పోతుంది.

డోవెల్ పిన్నులు, కొత్త ప్యాకింగ్ పెట్టి కవరు మూయండి. పుష్ రాడ్ సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే, బోల్టులు పూర్తిగా బిగించకముందే కవరు మీద కేబుల్ తగిలించే చిన్న లివర్‌ను వేళ్లతో తిప్పండి. ఎదురు బరువు తగలాలి. తగలకపోతే మళ్లీ తీసి చూడాల్సిందే.

డ్రెయిన్ బోల్టు బిగించి, మాన్యువల్‌లో చెప్పినంత ఆయిల్ పోయండి. క్లచ్ ప్లే సరిచేయండి. స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, కవరు అంచు చుట్టూ గుడ్డతో తుడిచి చూడండి. ఆపి కాసేపయ్యాక ఆయిల్ మట్టం మళ్లీ చూడాలి. వీధిలో ఒంటరిగా ఒక రౌండు కొట్టి, మొదట చేసిన మూడో గేరు పరీక్షే మళ్లీ చేయండి.

మొదటి రెండు వందల కిలోమీటర్లు బరువులు, శ్రీశైలం, అరకు లాంటి ఘాట్ రోడ్లు వద్దు. ట్రాఫిక్‌లో సగం క్లచ్ నొక్కి బండిని నిలబెట్టే అలవాటు ఉంటే న్యూట్రల్ వేసి బ్రేకు పట్టుకోండి. నా పాత ప్లేట్లను అరగదీసింది ఆ అలవాటే. ప్లేట్లు సర్దుకునేసరికి క్లచ్ ప్లే కొంచెం మారుతుంది, అప్పుడు ఇంకోసారి సరిచేయాలి. దించిన ఆయిల్ కాలవలోనో మట్టిలోనో పోయకండి. డబ్బాలో పట్టి దగ్గర్లోని మెకానిక్ షాపుకిస్తే, వాళ్లు పాత ఆయిల్ కొనేవాళ్లకు వేస్తారు.