అటకలో గబ్బిలాల రెట్ట ఎత్తే ముందు

అటకలో గబ్బిలాల రెట్ట ఉంటే కరోనా వస్తుందేమోనని భయమా? గబ్బిలాల్లో కరోనా వైరస్‌లు ఉండే మాట నిజమే. అయితే ఆ వైరస్‌ల వల్ల వచ్చే జబ్బుల్లో సార్స్ మనుషులకు చేరింది పునుగుపిల్లుల మీదుగా, మెర్స్ ఒంటెల మీదుగా. అటకలో మీకు దగ్గరగా ఉన్న ముప్పు రెట్టలో పెరిగే హిస్టోప్లాస్మా అనే బూజు. రెండింటికీ మొదటి జాగ్రత్త ఒకటే: దుమ్ము లేవకూడదు.

• ముందు అది గబ్బిలాల రెట్టేనా చూడండి. పురుగులు తినే గబ్బిలాల రెట్ట బియ్యపు గింజంత ఉంటుంది, పుల్లతో నొక్కితే పొడై అందులో పురుగుల రెక్కల ముక్కలు మెరుస్తాయి. ఎలుక పెంటిక అలా పొడి కాదు.

• గబ్బిలాలు ఇంకా ఉంటే పని ఆపండి. పొగ పెట్టి తరిమితే బెదిరి గదుల్లోకి వస్తాయి. గబ్బిలం పిల్లలుంటే అవి ఎగిరేదాకా ఆగి, తర్వాత సందె వేళ అన్నీ బయటికి వెళ్లాక కంతలు మూయండి.

• ముక్కుకు అతుక్కునే ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా. గుడ్డ మాస్కు చాలదు.

• చీపురు, వాక్యూమ్ వద్దు. 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) 1 లీటరుకు 9 లీటర్ల నీళ్లు కలిపి, సన్నగా చల్లి 10 నిమిషాలు నాననివ్వండి. బాత్రూం యాసిడ్ మాత్రం కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీలు తెరిచే ఉంచండి.

• తడి రెట్టను పారతో ఎత్తి రెండు సంచుల్లో కట్టండి.

• గబ్బిలం కరిచినా, గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా అడగండి.