సోమవారం నుంచి అన్నం, పిండిపదార్థాలు, చక్కెర తగ్గిస్తున్నారా? పొయ్యి వెలిగించే ముందు ఇవి చూసుకోండి

షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడండి. అన్నం ఒక్కసారిగా తగ్గించి డోసు అలాగే ఉంచితే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి, కళ్లు తిరిగి పడిపోవచ్చు కూడా.

అన్నం బదులు కాలీఫ్లవర్‌తో పులిహోర చేస్తుంటే, తురుముని గుడ్డలో గట్టిగా పిండి, వెడల్పు మూకుట్లో మూత పెట్టకుండా పెద్ద మంట మీద వేయించండి, లేకపోతే ముద్దయిపోతుంది (మాది ఓసారి అచ్చం ఉప్మానే).

చింతపండు బదులు నిమ్మకాయ. చింతపండులో చక్కెర ఉంటుంది, పైగా బెల్లం ముక్క వేయకుండా చేయి ఊరుకోదు.

కూర చిక్కబడాలని శనగపిండి కలపొద్దు. నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి నూరితే కమ్మగానూ ఉంటుంది.

పోపులో పిసినారితనం వద్దు. ఆవాలు చిటపటలాడాకే ఇంగువ, కరివేపాకు.

సాస్ ప్యాకెట్ వెనక చదవండి, చక్కెర అక్కడే దాక్కుంటుంది.