దుకాణం తెరవకముందే డొమైన్ పేరు పట్టి ఉంచుకోవడం ఎలా?

మీరు గుంటూరు బ్రాడీపేటలో వచ్చే ఏడాది పచ్చళ్ల దుకాణం పెట్టాలనుకుంటున్నారు. బోర్డు తర్వాతైనా రాయించుకోవచ్చు, డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ చిరునామా మాత్రం ముందు ఎవరు డబ్బు కడితే వాళ్లదే. ‘కొన్నాం’ అంటాం గానీ అది అద్దెలాంటిది. ఒక్కసారికి కనీసం 1 ఏడాదికి, గరిష్ఠంగా 10 ఏళ్లకు కట్టుకోవచ్చు.

ముందు స్పెల్లింగ్ తేల్చుకోండి. తెలుగు పేరుకు అసలు చిక్కు ఇక్కడే. ‘పచ్చళ్లు’లో ‘చ్చ’కి ఒకరు ఒక్క సీహెచ్ కొడతారు, ఒకరు సీసీహెచ్, ఇంకొకరు రెండు సీహెచ్‌లు. చివర ఎల్ ఒకటా, రెండా? పేరు నోటితో చెప్పి, ఇంట్లో నలుగురి చేత ఫోన్లో టైప్ చేయించండి. ఎక్కువమంది ఎలా కొడితే అదే అసలు పేరు. రెండో స్పెల్లింగ్ కూడా కొని దీనికి మళ్లించండి. మూడోది డబ్బు దండగ. మధ్యలో హైఫన్ వద్దు, ఫోన్లో చెప్పడం నరకం. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ దొరికితే రెండూ తీసుకోండి. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది గానీ, చాలా ఆన్‌లైన్ ఫారాలకు ఆ చిరునామా ఇంకా మింగుడుపడదు. దాన్ని అదనంగానే చూడండి.

పేరున్న బ్రాండు పేరుతో డొమైన్ కొనిపెట్టి, రేపు వాళ్లకే ఎక్కువకు అమ్ముదామనే ఆలోచన మానుకోండి. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

రిజిస్ట్రార్, అంటే డొమైన్ పేర్లు అమ్మే కంపెనీ దగ్గర మొదటి ఏడాది ధర చూసి మురిసిపోవద్దు. రెన్యువల్ ధర ఎంతో, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి ఎంతవుతుందో లెక్కేయండి. కార్టులో హోస్టింగ్, ఈమెయిల్, సైట్ బిల్డర్ వాటంతటవే చేరి ఉంటే తీసేయండి, ఇప్పుడు వాటితో పని లేదు. కట్టేముందు ఒక్కో అక్షరం చూసుకోండి. తర్వాత పేరు దిద్దే వీలుండదు, కొత్తది కొనాల్సిందే.

ఖాతా మాత్రం మీ పేరుతో, మీ ఫోన్‌తో, మీ ఈమెయిల్‌తోనే ఉండాలి. వెబ్‌సైట్ చేసిపెట్టే కుర్రాడి ఖాతాలో ఉంటే, అతను బెంగళూరు వెళ్లిపోయిన రోజు మీ పేరు కూడా వెళ్లినట్టే. ఆ ఈమెయిల్ ఇదే డొమైన్ మీదిది కాకూడదు. డొమైన్ ఆగితే మెయిలూ ఆగుతుంది, హెచ్చరికలు మీకు అందవు. డాట్ కామ్‌కు వచ్చే వెరిఫికేషన్ లింకును 15 రోజుల్లో నొక్కకపోతే పేరు పనిచేయడం ఆపేస్తారు. పేరును వేరే రిజిస్ట్రార్‌కు తరలించకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ లాక్, పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ ఆన్ చేయండి.

ఇక పార్కింగ్, అంటే సైటు తయారయ్యేదాకా పేరును ఊరికే ఉంచడం. ఏమీ చేయకుండా వదిలేస్తే చాలా రిజిస్ట్రార్లు తమ ప్రకటనల పేజీ పెడతారు. మీ పేరు కొట్టినవాళ్లకు పక్క వీధి పచ్చళ్ల ప్రకటన కనిపించినా ఆశ్చర్యం లేదు. రిజిస్ట్రార్ ఖాతాలో, పేరు ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పే డీఎన్‌ఎస్ ప్యానెల్‌లో ఫార్వర్డింగ్ పెట్టి మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీకి మళ్లించండి. 302, అంటే తాత్కాలికం ఎంచుకోండి. 301, అంటే శాశ్వతం పెడితే బ్రౌజర్లు గుర్తుపెట్టుకుని, సైటు సిద్ధమయ్యాక కూడా కొందరిని పాతచోటికే పంపుతాయి. మార్పు అందరికీ కనిపించడానికి కొన్ని నిమిషాల నుంచి 48 గంటల దాకా పట్టవచ్చు. ఈ పేరుతో మెయిల్ వాడనంతకాలం, అదే ప్యానెల్‌లో ఎవరు మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులో ‘మైనస్ ఆల్’, దొంగ మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్‌లో ‘రిజెక్ట్’ పెట్టండి. మీ పేరుతో మోసగాళ్లు పంపే దొంగ మెయిళ్లు చాలావరకు ఆగుతాయి.

పేర్లు ఎక్కువగా పోయేది రెన్యువల్ దగ్గరే. విదేశీ రిజిస్ట్రార్‌కు ఇచ్చిన మన కార్డు మీద ఆటో రెన్యువల్ ఆగిపోవడం మామూలే, ఎందుకంటే కార్డు నుంచి వాటంతటవే జరిగే చెల్లింపులపై ఆర్‌బీఐ ఈ-మాండేట్ నిబంధనల ప్రకారం ముందే అనుమతి నమోదై ఉండాలి. గడువుకు 60 రోజుల ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. డాట్ కామ్ గడువు దాటాక రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకు మామూలు ధరకే దొరకవచ్చు. ఆ తర్వాతి 30 రోజుల్లో వెనక్కి తెచ్చుకోవాలంటే మామూలు ధరకు ఎన్నో రెట్లు కట్టాలి. చివరి 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, ఆపై పేరు బజార్లో పడుతుంది.

ఈలోగా వేరే కంపెనీ పేరుతో రెన్యువల్ బిల్లు మెయిల్లో వస్తే కట్టకండి. అందులోని లింకు నొక్కకుండా, సొంత ఖాతాలోకి వెళ్లి తేదీ చూసుకోండి.