వాంపైర్ ప్రేమకథ రాద్దాం – 5: ఆమె మళ్లీ పుట్టింది, అతను చావనే లేదు

పోయిన పాఠంలో మీ వాంపైర్‌కి నియమాలు రాసుకున్నాం. ఎండ తగిలితే ఏమవుతాడు, ఎన్నాళ్లకోసారి ఆకలేస్తుంది, మనిషిని తనలా మార్చాలంటే ఏం చెయ్యాలి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ముఖ్యంగా ఆ మూడో నియమంతో ఇవాళ చాలా పని ఉంది.

ఈ పాఠం పునర్జన్మ గురించి. టీనేజ్ వాంపైర్ రొమాన్స్ రాయడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది: అతను వందల ఏళ్లుగా బతికే ఉన్నాడు, అతను ప్రేమించిన అమ్మాయి ఎప్పుడో పోయింది, ఇప్పుడు అదే అమ్మాయి మళ్లీ పుట్టి కాలేజీ మెట్ల మీద కనిపించింది. ఆలోచన పాతదే, అయినా చేవ ఉన్నది. చాలా కథలు దీన్ని ఎక్కడ పాడుచేసుకుంటాయంటే, పూర్వజన్మను ప్రేమకు కారణంగా వాడుకుంటాయి. "వాళ్లిద్దరూ ఎందుకు ప్రేమించుకున్నారు?" అంటే "పోయిన జన్మలో ప్రేమించుకున్నారు కాబట్టి" అని జవాబు. ఆ ఒక్క జవాబుతో రచయిత చెయ్యాల్సిన పని అంతా ఎగ్గొట్టినట్టే. ఈ పాఠంలో దాన్ని తిరగేసి చూద్దాం. పూర్వజన్మ ఆ ఇద్దరి మధ్య అడ్డంకిగా నిలబడాలి. దాన్ని దాటితేనే వాళ్లకు ప్రేమ దొరకాలి.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త తెలిస్తే మేలు. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన ‘డ్రాక్యులా’ నవలలో పూర్వజన్మ ప్రియురాలు ఎక్కడా లేదు. అక్కడ కథానాయిక మీనా డ్రాక్యులాకి వేట, అంతే. యుగాల తరబడి ఎదురుచూసి, మళ్లీ పుట్టిన మనిషిలో తనవాణ్ణి వెతుక్కునే కథ అంతకు పదేళ్ల ముందే, 1887లో, రైడర్ హాగర్డ్ నవల ‘షీ’లో వచ్చింది. ఎదురుచూసేది అందులో ఒక రాణి, వాంపైర్ కాదు. 1932లో ‘ది మమ్మీ’ సినిమాలో ఈజిప్టు సమాధిలోంచి లేచినవాడు అదే పని చేశాడు. వాంపైర్ల దాకా ఇది రావడానికి అమెరికన్ టీవీ సీరియల్ ‘డార్క్ షాడోస్’ కావాల్సి వచ్చింది. 1967లో ఆ సీరియల్లోకి వచ్చిన బార్నబస్ కాలిన్స్ తను పోగొట్టుకున్న జోసెట్ పోలికలున్న ఒక అమ్మాయిని ఎత్తుకుపోయి, ఆమెను జోసెట్‌గా మార్చాలని చూస్తాడు. 1972లో ‘బ్లాక్యులా’ సినిమా, 1992లో కొప్పోలా తీసిన డ్రాక్యులా సినిమా ఇదే దారిలో చనిపోయిన భార్యను మళ్లీ పుట్టించాయి. నవల చదవకుండా ఆ సినిమా చూసినవాళ్లు అసలు కథే అదనుకుంటారు, వాళ్ల తప్పేం లేదు.

బార్నబస్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఒక అమ్మాయిని ఎత్తుకెళ్లి, పాత బట్టలు తొడిగి, "నువ్వు నువ్వు కాదు, ఆమెవి" అని నమ్మించబోవడం ప్రేమకథా, హారర్ కథా? అప్పట్లో దాన్ని భయపెట్టడానికే రాశారు. ఆ తర్వాత దాని మీద ఎంత వెన్నెల కురిపించినా, ఆ భయం అడుగున అలాగే ఉంది. మీరు రాసే కథలోనూ ఉంటుంది. దాన్ని దాచకండి, వాడుకోండి.

టీనేజ్ నవలల్లోకి వస్తే ఎల్. జె. స్మిత్ పేరు చెప్పుకోవాలి. 1991లో మొదలైన ‘ది వాంపైర్ డైరీస్’లో హీరోయిన్, హీరో ఒకప్పుడు ప్రేమించిన, ఎప్పుడో పోయిందనుకున్న కేథరిన్‌లా ఉంటుంది. అక్కడ ఉన్నది పోలిక మాత్రమే. 1997 నాటి నవల ‘సోల్‌మేట్’లో స్మిత్ ఇంకో అడుగు ముందుకేసింది: అందులో అమ్మాయి నిజంగానే మళ్లీ మళ్లీ పుడుతుంది, ప్రతి జన్మలోనూ శత్రువు ఆమెను చంపుతూనే ఉంటుంది. 2005లో వచ్చిన ‘ట్వైలైట్’లో మాత్రం పునర్జన్మ ఊసే లేదు. అక్కడ శాశ్వతమైన ప్రేమ అంటే చావు లేకపోవడం. అంటే మీ ముందు రెండు దార్లున్నాయి. ఎప్పటికీ చావకుండా ఉండిపోవడం ఒకటి, చచ్చి మళ్లీ పుట్టడం ఇంకోటి. వాంపైర్ పునర్జన్మ కథలో ఒకరు ఒక దారిలో, రెండోవారు ఇంకో దారిలో ఉంటారు. చిక్కంతా అక్కడే.

మామూలు పునర్జన్మ కథల్లో సాధారణంగా ఇద్దరూ పోతారు, ఇద్దరూ మళ్లీ పుడతారు. గుర్తొస్తే ఇద్దరికీ గుర్తొస్తుంది. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే అయోమయం. వాంపైర్ కథలో అలా కుదరదు. అతనికి అంతా తెలుసు, ఆమెకు ఏమీ తెలియదు. ఆమె నవ్వితే అతను ఆ నవ్వును ఇంతకుముందు ఎక్కడ చూశాడో పోల్చుకుంటున్నాడు, ఆమె మాత్రం కొత్తగా వచ్చిన కుర్రాడు కాస్త తేడాగా ఉన్నాడే అనుకుంటోంది. ఆమె వయసు పదిహేడు. పైకి అతని వయసూ అంతే, లోపల మూడు వందలు. ఈ అసమానతను పట్టించుకోకుండా రాస్తే కథ చదివేవాళ్లకు ఎక్కడో చిరాకు పుడుతుంది, ఎందుకో చెప్పలేకపోయినా సరే.

ఇప్పుడు అసలు పని. తను ప్రేమిస్తున్నది పోయినామెనా, ఎదురుగా ఉన్నామెనా అన్నది అతనికే తెలియదని పాఠకుడికి ఎలా తెలియజేస్తాం? చాలామంది ఇలా రాస్తారు:

"ఆమె కళ్లలోకి చూడగానే అతనికి శతాబ్దాల నాటి ప్రేమ గుర్తొచ్చింది. ఆత్మలు ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి."

ఇందులో పాఠకుడికి కనబడేది ఏమీ లేదు. ఏ పుస్తకంలోంచైనా కత్తిరించి ఇక్కడ అతికించొచ్చు. దీని బదులు ఒక అలవాటు పట్టుకుందాం. పోయిన జన్మలో ఆ అమ్మాయికి కుడి చెవి వినపడదు అనుకోండి. అందుకని అతను ఎప్పుడూ ఆమెకు ఎడమ పక్కనే కూర్చునేవాడు. ఇప్పటి అమ్మాయికి రెండు చెవులూ శుభ్రంగా వినిపిస్తాయి. మన పాఠాల్లో మొదటినుంచీ వాడుకుంటున్న నీలే ఈ అమ్మాయి అనుకుందాం.

"నీల పుస్తకాలు సర్దుకుని బల్ల ఎడమ చివరకు జరిగింది. ఎడమ పక్కన గోడ, మనిషి పట్టేంత చోటు లేదు. అయినా అతను చుట్టూ తిరిగి వచ్చి, ఆ ఇరుకులోకే కుర్చీ లాక్కున్నాడు.

‘ఇటు అంత ఖాళీ ఉందిగా?’ అంది.

‘ఇక్కడైతే నీకు వినిపిస్తుంది.’

‘అక్కడ కూర్చున్నా వినిపిస్తుంది.’

అతను ఏదో అనబోయి ఆగాడు. కుర్చీ మాత్రం జరపలేదు."

చూడండి, జన్మ అన్న మాట రాలేదు, ఆత్మ అన్న మాట రాలేదు. పాఠకుడికి ఇంకా చెవి సంగతి కూడా తెలియదు. కానీ ఎక్కడో ఏదో పొంతన కుదరలేదని తెలుస్తుంది. యాభై పేజీల తర్వాత పోయినామె సంగతి బయటపడినప్పుడు ఈ కుర్చీ గుర్తొస్తుంది. అప్పుడు పాఠకుడికి రెండు అనిపించాలి: ఎంత ప్రేమ, అని ఒకటి, ఇన్నాళ్లూ నీలను అసలు చూడనే లేదు కదా, అని రెండోది. ఒకే సన్నివేశం ఈ రెండు పనులూ చేస్తే అది నిలబడినట్టే.

నీల వైపు నుంచి జ్ఞాపకాలు ఎలా రావాలన్నది తరవాతి ప్రశ్న. కలలు వద్దు. కలలో రాజభవనం, తెల్ల గౌను, నిప్పు, అరుపు, ఉలిక్కిపడి లేవడం, ఇవన్నీ అరిగిపోయాయి. పాత పెట్టెలో అచ్చం తనలాంటి అమ్మాయి చిత్రపటం దొరకడం కూడా వద్దు. (ఈ కథల్లో చిత్రకారులకు ఎప్పుడూ చేతినిండా పనే!) మనసుకంటే ముందు శరీరానికి గుర్తుంటుంది. ఎప్పుడూ నేర్చుకోని ముడి చేతివేళ్లు వాటంతటవే వేసేస్తాయి. ఒక పాత ఇంట్లో అడుగు పెట్టగానే, ఎవరూ చెప్పకుండానే, మూడో మెట్టు దగ్గర కాలు జాగ్రత్తగా పడుతుంది. ఆమెకు అది వింతగా కూడా అనిపించకపోవచ్చు. చూస్తున్న అతనికి మాత్రం ప్రాణం లేచొస్తుంది. ఇలాంటివి నవల మొత్తం మీద మూడో నాలుగో చాలు. మితిమీరితే అమ్మాయి పోయి పాత దెయ్యమే మిగులుతుంది.

ఇప్పుడు లెక్కలు. చాలామంది వీటిని దాటేస్తారు, పాఠకులు దాటెయ్యరు. మొదటి అమ్మాయి 1890లో పోయిందనుకుందాం. మీ కథ 2020లో జరుగుతోంది, నీలకు 17 ఏళ్లు. అంటే 2003లో పుట్టింది. మధ్యలో 113 ఏళ్లు ఆమె ఎక్కడుంది? ఎక్కడా పుట్టకుండా ఆగిపోయిందా? ఆగితే ఎందుకు? లేక మధ్యలో పుట్టిందా? పుట్టి ముసలిదయ్యే దాకా హాయిగా బతికి, వేరేవాణ్ణి పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, అతని ఊసే లేకుండా పోయిందా? నన్నడిగితే ఈ చివరిది బంగారం. అతను ఆమెను ఆ జన్మలో కూడా కనిపెట్టాడు, రోడ్డుకి అవతల నిలబడి చూశాడు, ఆమె సుఖంగా ఉందని వెళ్లిపోయాడు. ఒక్క పేజీలో చెప్పగలిగిన ఈ సంగతి, అతని గురించి పది పేజీల ప్రేమ డైలాగులు చెప్పలేనిది చెబుతుంది. లేదంటే ఆ ఇంటి తలుపు తట్టి ఆ సంసారం కూల్చాడు. అప్పుడు అతను ఇంకో రకం మనిషి, మీ కథ ఇంకో రకం కథ.

ఇంకో పెద్ద చిల్లు ఉంది. ఆమె మళ్లీ పుడుతుందని తెలిస్తే చావంటే భయం ఎందుకు? క్లైమాక్స్‌లో నీల కత్తి పోటు తింటే, పాఠకుడు "పోనీలే, ఇంకో పాతికేళ్లలో వస్తుంది" అనుకుంటే టెన్షన్ మొత్తం గాలికి పోయినట్టే. కాబట్టి ప్రతి జన్మకూ ఏదో ధర ఉండాలి. ప్రతిసారీ కొంత మరపు పెరుగుతుందనుకోండి, లేదా ఇదే ఆఖరిసారి అనుకోండి. ‘సోల్‌మేట్’లో శత్రువు కూడా చావనిదే కావడం ఇందుకే పనికొచ్చింది: ఆమె ఎన్నిసార్లు పుట్టినా అదే ప్రమాదం మళ్లీ మొదలవుతుంది.

ఇక్కడే మీ మూడో నియమం బయటికి తియ్యండి. మనిషిని వాంపైర్‌గా మారిస్తే ఆమెకు చావు లేదు. చావు లేకపోతే మళ్లీ పుట్టడమూ లేదు. అతను నీలను మార్చాడంటే, ఆమెను ఎప్పటికీ దక్కించుకున్నాడు. ఆ దెబ్బతో ఆమె తర్వాతి జన్మలన్నీ తుడిచిపెట్టాడు. మార్చకపోతే అరవై డెబ్బై ఏళ్లకు ఆమెను మళ్లీ పోగొట్టుకుంటాడు, మళ్లీ వెతుక్కుంటాడు, మళ్లీ ఆమెకు తనెవరో తెలియదు. పునర్జన్మ, అమరత్వం రెండూ ఒకే కథలో ఉన్నప్పుడు మాత్రమే ఈ ఇరకాటం పుడుతుంది. దీన్ని వాడకుండా ముగిస్తే, ఈ రెంటినీ ఒకచోట పెట్టడంలో అర్థమే లేదు. ఇంకోమాట, ఈ నిర్ణయం అతనిది కాకూడదు. నీలది కావాలి. అన్నీ తెలిసి, తొందరపెట్టేవాడు పక్కన లేనప్పుడు.

అందుకోసం "నేను ఆమెను కాను" అనే సన్నివేశం తప్పనిసరి. నవల మూడింట రెండొంతులు అయ్యాక పెట్టండి. అంతకు ముందు పెడితే పాఠకుడికి ఇంకా అతని మీద జాలి పుట్టి ఉండదు, మరీ ఆఖర్న పెడితే సర్దుకోవడానికి చోటుండదు. అందులో ఆమె అరవక్కర్లేదు. కుర్చీ తీసుకుని అతనికి కుడి పక్కకు కాకుండా ఎదురుగా వేసుకుని, "నా గురించి నీకు తెలిసినవి చెప్పు. ఆమెవి కాదు, నావి" అని అడిగితే చాలు. అతను తడబడాలి. ఒకటి చెబుతాడు, అది పాతామెది. ఇంకోటి చెబుతాడు, అదీ అంతే. మూడోది మాత్రం నీలదే అయి ఉండాలి, అదీ చాలా చిన్నది. తప్పు చేసినప్పుడు ఆమె ముందు నవ్వి తర్వాత క్షమించమని అడుగుతుందని, అలాంటిదేదో. ఆ చిన్నదాన్నుంచే రెండో ప్రేమకథ మొదలవుతుంది. నిజానికి మీరు రాయాల్సిన ప్రేమకథ అదే.

ఈ సన్నివేశం రాయలేకపోతే లోపం అక్కడ ఉండదు, ఇంకా వెనక ఉంటుంది. నీలకు పోయినామెలో లేనిది ఏదీ మీరు ఇచ్చి ఉండరు. వెనక్కి వెళ్లి ఇవ్వండి.

అభ్యాసం. నాలుగు వందల మాటలకు మించకుండా ఒక సన్నివేశం రాయండి. అతను పోయిన అమ్మాయి కోసం చేసే ఒక అలవాటు పని ఇప్పటి అమ్మాయి విషయంలో చేస్తాడు. ఆమె గమనిస్తుంది, అడుగుతుంది, అతను సరైన జవాబు చెప్పడు. చెవి, కుర్చీ నావి, మీరు వేరేవి వెతుక్కోండి. రాశాక జన్మ, ఆత్మ, విధి, శతాబ్దం, బంధం అన్న మాటలు ఎక్కడున్నా కొట్టెయ్యండి. కొట్టేశాక సన్నివేశం కుంటితే మళ్లీ రాయండి. ఆ తర్వాత అదే సన్నివేశాన్ని ఆమె స్నేహితురాలి కళ్లతో ఇంకోసారి రాయండి, ఆ స్నేహితురాలికి ఆ కుర్రాడంటే పడదు. వచ్చే పాఠంలో ఆ స్నేహితురాలితోనే మొదలుపెడతాం, రెండు కాగితాలూ పారేయకండి.